ఇంటినిండా జనం ఉన్నా ఒంటరే: కౌమార తల్లుల మనసుకు కావలసిన అండ ఏది?

టీకాల రోజున ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో తరచూ కనిపించే దృశ్యమిది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల బాలింత ఒడిలో రెండు నెలల పసికందు. పక్కనే అత్తగారో, తల్లో. బిడ్డ పాలు తాగుతోందా, జ్వరం వచ్చిందా, బరువు పెరిగిందా అని నర్సు అడుగుతుంది. సమాధానాలన్నీ పెద్దావిడే చెబుతుంది. అమ్మాయి తల వంచుకుని వింటుంది. పది నిమిషాల్లో పని పూర్తవుతుంది. ఆ పది నిమిషాల్లో ‘నువ్వెలా ఉన్నావమ్మా?’ అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

చిన్న వయసులో తల్లయిన బాలికల గురించి మన దేశంలో సాగే చర్చ సాధారణంగా రక్తహీనత, నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు శిశువుల చుట్టూ తిరుగుతుంది. అవన్నీ తీవ్రమైన సమస్యలే. 20 నుంచి 24 ఏళ్ల మధ్య తల్లులైన వారితో పోలిస్తే కౌమార తల్లులకు గుర్రపువాతం, ప్రసవానంతర ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే కాన్పు క్షేమంగా ముగిసి, తల్లీబిడ్డా ఇంటికి చేరిన తర్వాత మొదలయ్యే మానసిక కష్టానికి ఆసుపత్రి రికార్డుల్లో చోటు తక్కువ. ఆ కష్టాన్ని పెంచేదీ, తగ్గించేదీ చాలావరకు కుటుంబమే. అందుకే ఆ అండ ఎలా ఉండాలన్నది ఆరోగ్య వ్యవస్థకు కూడా ముఖ్యమైన ప్రశ్న.

ఎంత మంది?

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15-19 ఏళ్ల వయసు వారిలో 6.8 శాతం మంది సర్వే నాటికే తల్లులయ్యారు లేదా గర్భిణులుగా ఉన్నారు. 2015-16 నాటి నాలుగో సర్వేలో ఇది 7.9 శాతం. జాతీయ సగటు తగ్గినా రాష్ట్రాల మధ్య అంతరం చాలా ఎక్కువ. త్రిపురలో 21.9 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 16.4 శాతం నమోదైంది.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ విషయంలో భిన్న దిశల్లో నడిచాయి. తెలంగాణలో ఇది 5.8 శాతానికి, అంటే అంతకుముందు సర్వేతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 11.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగింది. అక్కడ ఈ వయసు వారిలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు తల్లి అయినా అయ్యారు, తల్లి కాబోతూ అయినా ఉన్నారన్నమాట. ఈ లెక్కలో చట్టబద్ధమైన వయసు వచ్చాక పెళ్లయిన 18, 19 ఏళ్ల వారు కూడా ఉంటారన్నది గమనించాలి. అయినా దీని వెనుక ప్రధాన కారణం బాల్య వివాహాలే. 20-24 ఏళ్ల మహిళల్లో 18 ఏళ్లలోపే పెళ్లయిన వారు దేశవ్యాప్తంగా 23.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు.

అంటే, మన దేశంలో కౌమార తల్లి అంటే ఎక్కువగా పెళ్లయిన అమ్మాయే. ఆమె భర్తతోనో, అత్తమామలతోనో, తల్లిదండ్రులతోనో కలిసి ఉంటుంది. ‘ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఆమెకేం లోటు?’ అన్న భావన బలపడటానికి కారణం ఇదే. అండకు, ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యకు మధ్య తేడా మరుగున పడేది కూడా ఇక్కడే.

దిగులు వేరు, కుంగుబాటు వేరు

కాన్పు అయిన మూడు, నాలుగు రోజులకు చాలామంది తల్లులకు కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, ఆందోళన కలగడం సహజం. హార్మోన్ల మార్పు, నిద్రలేమి ఇందుకు ప్రధాన కారణాలు. ఈ దిగులు సాధారణంగా రెండు వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, ‘నేను మంచి తల్లిని కాను’ అన్న అపరాధ భావం వెంటాడుతుంటే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స అవసరం. చాలా అరుదుగా కొందరిలో లేనివి కనిపించడం, వినిపించడం, పొంతన లేని మాటలు, విపరీత ప్రవర్తన తలెత్తుతాయి. ఇది అత్యవసర పరిస్థితి. అటువంటప్పుడు గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రపంచవ్యాప్తంగా బాలింతల్లో సుమారు 13 శాతం మందికి, వర్ధమాన దేశాల్లో 19.8 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత, ప్రధానంగా కుంగుబాటు, ఎదురవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారత్‌లో జరిగిన 38 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ఆ సంస్థ పత్రికలో వెలువడిన విశ్లేషణ ఈ సంఖ్యను 22 శాతంగా లెక్కగట్టింది. ఇవి అన్ని వయసుల తల్లులకు సంబంధించిన లెక్కలు. వయోజనులతో పోలిస్తే కౌమార తల్లుల్లో కుంగుబాటు ఎక్కువన్నది వివిధ దేశాల పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం.

అందుకు కారణాలు ఊహించలేనివి కావు. కౌమారమే ఒక సంధి దశ. భావోద్వేగాలను అదుపు చేసే సామర్థ్యం ఇంకా రూపుదిద్దుకుంటూనే ఉంటుంది. తానెవరో, తనకేం కావాలో తెలుసుకునే వయసది. సరిగ్గా అప్పుడే చదువు ఆగిపోయి, స్నేహితులు దూరమై, కొత్త ఇల్లు, కొత్త మనుషులు, ఆపై ఒక పసిబిడ్డ బాధ్యత మీద పడతాయి. పెద్దవాళ్లు ఆమెను పనులకు పెద్దదానిగా, నిర్ణయాలకు చిన్నదానిగా చూస్తారు. బిడ్డ రాత్రంతా ఏడిస్తే తప్పు ఆమెది. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో, ఏం తినాలో చెప్పే హక్కు మాత్రం ఆమెకు ఉండదు.

అండ అంటే నాలుగు రకాలు

సామాజిక అండ అన్న భావనను అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో నాలుగుగా విభజించారు. మనసుకు ఊరటనిచ్చేది మొదటిది. చేతిపనిలోనూ, డబ్బులోనూ సాయపడేది రెండోది. సరైన సమాచారం ఇచ్చేది మూడోది. ‘నువ్వు చేస్తున్నది సరైనదే’ అని భరోసా కలిగించేది నాలుగోది. తర్వాతి పరిశోధనలు దీనికి మరో కీలక అంశం జోడించాయి. ఎంత సాయం అందింది అన్నదానికంటే, అవసరమైనప్పుడు సాయం అందుతుందన్న నమ్మకం ఆ మనిషికి ఉందా లేదా అన్నదే మానసిక ఆరోగ్యాన్ని ఎక్కువగా కాపాడుతుంది.

మన ఇళ్లలో బాలింతకు ఈ నాలుగింటిలో అందేది ఎక్కువగా రెండోది, కొంత మూడోది. పథ్యం వండిపెడతారు, బిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోస్తారు, సలహాలకు కొదవ ఉండదు. మొదటిది, నాలుగోది మాత్రం అరుదు. పైగా సలహా తరచూ విమర్శ రూపంలో వస్తుంది. ‘పాలు చాలడం లేదు’, ‘బిడ్డను ఎత్తుకోవడం కూడా రాదు’, ‘మా కాలంలో ఇంతమందిని పెంచాం’ వంటి మాటలు అనేవారికి మామూలు మాటలే కావచ్చు. అప్పటికే తన మీద తనకు నమ్మకం లేని పదిహేడేళ్ల అమ్మాయికి అవి తీర్పులా వినిపిస్తాయి.

కుటుంబ సంబంధాల ప్రభావాన్ని మన దేశంలోని అధ్యయనాలే చూపించాయి. తమిళనాడు గ్రామాల్లోని తల్లులపై జరిగి 2002లో వెలువడిన ఒక అధ్యయనం కుంగుబాటుకు దారితీసే అంశాలను గుర్తించింది. తక్కువ ఆదాయం, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, అత్తగారితోనూ కన్నవారితోనూ పొసగకపోవడం, గర్భిణిగా ఉన్నప్పుడు ఎదురైన కష్టాలు, పనిలో సాయం లేకపోవడం ఆ జాబితాలో ఉన్నాయి. అదే ఏడాది గోవా నుంచి వచ్చిన మరో అధ్యయనంలో కాన్పైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మంది తల్లుల్లో కుంగుబాటు కనిపించింది. వారిలో నాలుగింట మూడొంతుల మందికి పైగా గర్భంతో ఉన్నప్పుడే మానసికంగా ఇబ్బంది పడినవారు. పేదరికం, దాంపత్యంలో కలతలు, ఆడపిల్ల పుట్టడం అక్కడా ప్రధాన కారణాలుగా తేలాయి. ఈ రెండూ అన్ని వయసుల తల్లులపై జరిగినవే. కానీ వీటిలోని ప్రతి అంశమూ కౌమార తల్లి విషయంలో మరింత బరువవుతుంది. ఎందుకంటే ఆమె చేతిలో సొంత సంపాదన ఉండదు, ఎదురు చెప్పే వయసూ ఉండదు.

పుట్టింటి నుంచి అత్తింటికి

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది తెలుగు నాట పాత ఆనవాయితీ. దాని వెనుక ఉన్న ఇంగితం గమనించదగ్గది. తెలిసిన ఇల్లు, అడగడానికి బిడియం లేని తల్లి, రాత్రి బిడ్డను ఎత్తుకునే మరో జత చేతులు. మానసిక అండకు అవసరమైన చాలా అంశాలు ఆ ఏర్పాటులోనే ఉన్నాయి. మూడో నెలలోనో, అయిదో నెలలోనో బాలింత బిడ్డతో అత్తింటికి చేరుతుంది. కుటుంబాలు ఆ రోజును వేడుకగా జరుపుతాయి. ఆమెకు మాత్రం ఆ రోజుతో అండ ఒక్కసారిగా సన్నగిల్లవచ్చు. అప్పటిదాకా పంచుకున్న రాత్రి మెలకువలు ఇప్పుడు ఒక్కదానివే అవుతాయి. ఇంటిపని తిరిగి నెత్తిన పడుతుంది. ఆశా కార్యకర్త రాకపోకలు కూడా అప్పటికి తగ్గిపోయి ఉంటాయి. కుంగుబాటు కాన్పు అయిన తొలి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు కనుక, ఈ మార్పు జరిగే నెలలను కుటుంబం ప్రత్యేకంగా గమనించాలి.

పెద్దలను ఎదిరించి ఇల్లు విడిచి వెళ్లిన అమ్మాయికి ఈ ఆనవాయితీ రక్షణ కూడా ఉండదు. పుట్టింటి తలుపు మూసుకుంటుంది. అత్తింటివారు అంగీకరించకపోతే మిగిలేది భర్త ఒక్కడే. అతనూ ఇరవై, ఇరవై ఒకటేళ్లవాడై, కూలికో వలసకో వెళ్లేవాడైతే ఆ చిన్న గదిలో ఆమె, బిడ్డ మాత్రమే మిగులుతారు. పెళ్లి కాకుండా తల్లయిన బాలిక పరిస్థితి ఇంకా కఠినం. పరువు పేరిట కుటుంబం ఆమెను దాచిపెడుతుంది. దాచిన మనిషికి వైద్యమూ అందదు, మాటసాయమూ అందదు.

చట్టం నీడలో

2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారి సమ్మతిని గుర్తించదు. నేరం జరిగినట్టు తెలిసినవారు పోలీసులకు తెలియజేయడాన్ని అది తప్పనిసరి చేసింది. భార్య అయినా 18 ఏళ్లలోపు ఉంటే ఆమెతో శారీరక సంబంధం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ చట్టాలు బాలికల రక్షణకు అవసరమైనవి. అయితే కేసు భయంతో కొన్ని కుటుంబాలు గర్భిణి అయిన బాలికను ఆసుపత్రికి తీసుకురావడానికే జంకుతాయి, వయసు ఎక్కువ చెబుతాయి. ఈ భయం కొంతైనా తగ్గించేందుకు 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు కల్పించింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు వైద్యులు వెల్లడించనవసరం లేదని చెప్పింది.

సంక్షేమ పథకాల్లోనూ ఒక చిక్కు ఉంది. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద సాయం అందాలంటే కాన్పు నాటికి తల్లికి 18 ఏళ్ల 7 నెలలు నిండి ఉండాలి. బాల్య వివాహాలను ప్రోత్సహించకూడదన్నది ఈ నిబంధన ఉద్దేశం. కానీ పెళ్లి నిర్ణయం పెద్దలది, సాయం కోల్పోయేది అమ్మాయి. మరోవైపు, బాల్య వివాహంలో పుట్టిన బిడ్డలకు చట్టబద్ధత ఉందనీ, ఆ పెళ్లిని రద్దు చేసుకునే హక్కు మేజర్ అయిన రెండేళ్ల వరకూ ఉందనీ, భరణం, నివాసం కోరవచ్చనీ 2006 చట్టమే చెబుతోంది. ఈ హక్కుల గురించి తెలిసినవారు తక్కువ.

పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 మే 23న ఇచ్చిన ఉత్తర్వు ఈ సంక్లిష్టతను కళ్లకు కట్టింది. పద్నాలుగేళ్ల వయసులో ఇల్లు విడిచి వెళ్లి, తర్వాత తల్లయిన బాలిక వ్యవహారమది. సమాజం ఆమెపై తీర్పు చెప్పిందనీ, న్యాయ వ్యవస్థ విఫలమైందనీ, సొంత కుటుంబం ఆమెను వదిలేసిందనీ కోర్టు వ్యాఖ్యానించింది. జరిగిన నేరం కంటే ఆ తర్వాతి పరిణామాలే ఆమెను ఎక్కువ గాయపరిచాయని గుర్తించింది. రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద విశేషాధికారాన్ని వినియోగించి నిందితుడికి శిక్ష విధించకుండా వదిలేసింది. ఆమె చదువుకు, కుటుంబ జీవనానికి తోడ్పడాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. దోష నిర్ధారణను మాత్రం రద్దు చేయలేదు. పుట్టిల్లు ఆనాడే తోడు నిలిచి ఉంటే ఆమె ముందు వేరే దారులు ఉండేవన్నది ఈ కేసు నేర్పే పాఠం.

పనిచేసిన మార్గాలు

ఈ సమస్యకు ఖరీదైన పరిష్కారాలే అక్కర్లేదని దక్షిణాసియా అనుభవమే చెబుతోంది. పాకిస్థాన్‌లోని రావల్పిండి ప్రాంత గ్రామాల్లో మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. ప్రతికూల ఆలోచనలను గుర్తించడం, వాటి స్థానంలో మేలైన ఆలోచన, చిన్న పని అలవాటు చేయడం ఆ సందర్శనల సారాంశం. కుటుంబ సభ్యులను కూడా అందులో భాగస్వాములను చేశారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. కాన్పైన ఆరు నెలలకు ఈ తోడ్పాటు పొందిన తల్లుల్లో 23 శాతం మంది, పొందని వారిలో 53 శాతం మంది కుంగుబాటుతో ఉన్నారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని కరదీపికగా ప్రచురించింది. గోవాలో ఇదే పద్ధతిని సాధారణ గృహిణులకు నేర్పి, సాటి మహిళల ద్వారా అమలు చేసి చూశారు.

జార్ఖండ్, ఒడిశా గిరిజన గ్రామాల్లో ‘ఏక్‌జుట్’ సంస్థ నడిపిన మహిళా బృందాల అనుభవం మరొకటి. ఊరి మహిళలు నెలనెలా కూర్చుని గర్భిణులు, శిశువుల సమస్యలు మాట్లాడుకుని, పరిష్కారాలు తామే వెతుక్కున్నారు. 2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. మొత్తం మీద తల్లుల కుంగుబాటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించకపోయినా, మూడో ఏడాదిలో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది. ఆ బృందాల్లో మందులు పంచలేదు. మాట పంచుకోవడానికి ఒక చోటు మాత్రం ఏర్పడింది.

ఇంటివారు ఏం చేయవచ్చు?

మొదటిది నిద్ర. రాత్రిపూట ఒక విడతైనా బిడ్డను మరొకరు చూసుకుంటే తల్లికి నాలుగైదు గంటలు వరుసగా నిద్ర దొరుకుతుంది. ఇది భర్త చేయగలిగిన పని. రెండోది మాట. రోజూ కాసేపైనా బిడ్డ గురించి కాకుండా ఆమె గురించి అడగాలి. ఏడిస్తే ‘ఊరుకో’ అనే బదులు పక్కన కూర్చోవాలి. మూడోది ఆమె మాటకు విలువ. బిడ్డకు ఏ బట్ట తొడగాలి అన్న చిన్న నిర్ణయమైనా ఆమెకు వదిలితే తల్లిగా నమ్మకం పెరుగుతుంది. నాలుగోది పుట్టింటితో, స్నేహితులతో బంధం తెగకుండా చూడటం. ఫోను ఆమె చేతిలో ఉండాలి. అయిదోది చదువు. సార్వత్రిక విద్యా విధానంలో పది, ఇంటర్ పూర్తి చేసే అవకాశం ఉంది. చదువు తిరిగి మొదలైన అమ్మాయికి భవిష్యత్తు మీద ఆశ ఉంటుంది.

ఆసుపత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఆ సందర్శనల్లో కొన్ని నిమిషాలు అమ్మాయితో ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించడం ఇంటివారి బాధ్యత. కుంగుబాటును పసిగట్టేందుకు 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అవి అడుగుతాయి. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా తేలిగ్గా తీసుకోరాదు, ఆమెను ఒంటరిగా వదలరాదు.

మానసిక ఆరోగ్య సలహాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ-మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. 18 ఏళ్లలోపు వారికి సంబంధించి, ఆగాల్సిన బాల్య వివాహం గురించి అయినా, 1098కి తెలియజేయవచ్చు.

కౌమారంలో తల్లి కాకుండా చూడటమే అన్నిటికన్నా మేలు. ఆ మాటలో సందేహం లేదు. కానీ ఇప్పటికే తల్లయిన అమ్మాయికి ఆ మాట ఏ రకంగానూ సాయపడదు. ఆమెకు కావలసింది బిడ్డను ఎత్తుకునే మరో జత చేతులు, తప్పులు లెక్కపెట్టని ఒక తోడు. వచ్చే టీకాల రోజున నర్సు బిడ్డ బరువు రాసుకున్నాక, పక్కనున్న పెద్దావిడ ఒక్క క్షణం ఆగి అమ్మాయినే జవాబు చెప్పనిస్తే, మార్పు అక్కడే మొదలవుతుంది.